మనమందరం సిబ్బందే
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు కార్యదర్శిగారు "కరువు భత్యం బకాయిల గురించి కాకుండా ఇంకేదైనా చెప్పండి, అది చెప్పడానికి మేమున్నాం" అన్నారు. సరేనన్నాను. ఈ రోజు ఒకే ఒక్క మాట గురించి మనవి చేస్తాను. ఆ మాట "సిబ్బంది".

ఈ మాటే ఎందుకంటే కారణం ఉంది. ప్రత్యేక సంచిక కోసం సభ్యుల జాబితా తయారుచేసే పని కార్యవర్గం నాకు అప్పగించింది. పాత సంచికలు తిరగేశాను. మొదట "విశ్రాంత అధికారులు" అని పెద్ద అక్షరాల్లో, ఫోటోలతో ఒక జాబితా ఉంది. చివరి పుటల్లో "సిబ్బంది" అని చిన్న అక్షరాల్లో ఇంకొక జాబితా ఉంది. దివంగతుల జాబితా కూడా అలాగే రెండు ముక్కలుగా ఉంది. నేను కూడా ఏమీ ఆలోచించకుండా అదే పద్ధతిలో రాయడం మొదలుపెట్టాను.

ఆ వారంలోనే మాతో పనిచేసిన ఒక పాత అటెండరుగారింటికి వెళ్ళాను. ఆయనకు ఎనభై దాటాయి. ఈ సమావేశానికి రమ్మని ఆహ్వానపత్రం చేతికిచ్చాను. మనవరాలి చేత చదివించుకున్నారు. ఆ పిల్ల "అధికారులు మరియు సిబ్బంది" అని చదివింది. ఆయన నవ్వి, "మేం మరియు తరవాతోళ్ళం బాబూ. నేనొస్తే ఏటి, రాకపోతే ఏటి" అన్నారు. కోపంగా అనలేదు. మామూలుగానే అన్నారు. ఇంటికి వచ్చాక ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. లేచి నిఘంటువులు దింపాను.

నా దగ్గర రెండు పాత పుస్తకాలున్నాయి. ఒకటి బ్రౌను దొరగారి తెలుగు నిఘంటువు, 1852లో అచ్చయింది. ఆయన కూడా మన బాపతే సుమా! కడపలో కలెక్టరుగారి కింద పనిచేసిన రెవెన్యూ ఉద్యోగి. రెండోది యూల్, బర్నెల్ అనే ఇద్దరు కూర్చిన హాబ్సన్-జాబ్సన్, 1886లో వచ్చింది. యూల్ సైన్యంలో ఇంజనీరు. బర్నెల్ మన మద్రాసు రాజధానిలో జడ్జీగా చేసి, పుస్తకం వెలువడకముందే 1882లో కాలంచేశారు. మనదేశంలో దొరలు విన్న మాటలన్నీ ఏరి, వాటి పుట్టుపూర్వోత్తరాలు చెప్పిన పుస్తకం అది.

సిబ్బంది తెలుగు మాట కాదు. పారసీ నుంచి వచ్చింది. అసలు రూపం "సిహ్‌బందీ". సిహ్ అంటే పారసీలో మూడు. బందీ అంటే కట్టుబాటు, ఏర్పాటు. రెవెన్యూలో పనిచేసినవారికి "జమాబందీ" తెలుసు కదా, ఆ బందీయే ఇది. మూడుకీ ఏర్పాటుకీ సంబంధం ఏమిటంటే, మూడు నెలలకొకసారి జీతమిచ్చే ఏర్పాటు అని కొందరు వివరిస్తారు. అంటే మనకు ఒకటో తారీఖున జీతం పడకపోతే గగ్గోలు పెట్టేవాళ్ళం. ఆ పేరు మోసిన మొదటివాళ్ళకు మూడు నెలలకొకసారి!

అలా జీతం తీసుకొన్నవాళ్ళు గుమాస్తాలు కారు, అధికారులూ కారు. వాళ్ళు సైనికులు. అందులోనూ పటాలంలో కవాతు నేర్చిన సైనికులు కూడా కారు. కోటలకు, ఊళ్ళకు కాపలా కాయడానికి, శిస్తు వసూలుకు వెంట వెళ్ళడానికి, వసూలైన సొమ్మును దారిదోపిడీల నుంచి కాపాడి ఖజానాకు చేర్చడానికి పెట్టుకొన్న కాల్బలం. బల్లెమో, కత్తో, నాటు తుపాకియో చేతపట్టి నడిచే మనుషులు. మరాఠీలో "శిబందీ" అంటే కోటలో కాపలా దళం. కన్నడంలోను, తెలుగులోను మాత్రం ఆ మాట ఆయుధం దించేసి ఆఫీసులో వచ్చి కూర్చుంది.

ఎలా కూర్చుంది? మన ఉత్తర సర్కారుల చరిత్ర చూస్తే కొంత తెలుస్తుంది. 1765లో ఢిల్లీ పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాముతో ఒడంబడికతో ఈ సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయి. అప్పటికి ఇక్కడి జమీందార్లకు సొంత బలగాలుండేవి. ఆ బలగాలను, పేష్కషు బకాయిలను కంపెనీ సహించలేదు. 1794 జులై 10న మన భీమిలి దగ్గర పద్మనాభంలో విజయనగరం రాజు విజయరామరాజుగారు కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలిచ్చింది ఆ తగవులోనే. ఎనిమిదేళ్ళ తరువాత 1802లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చింది. జమీందార్లు సైన్యాలు పోషించే రోజులు పోయాయి. కాని శిస్తు వసూలు పోలేదు, ఖజానా కాపలా పోలేదు, ఊరూరా తాఖీదులు పట్టుకెళ్ళే పని పోలేదు. ఆ పని చేసే బలగాన్ని పాత పేరుతోనే పిలిచారు. కాలం గడిచినకొద్దీ ఆ పేరు కచేరీలో పనిచేసేవారందరికీ పాకింది.

సిబ్బందితో ఆగలేదు. మన కచేరీలో కిందిస్థాయి పేర్లన్నీ ఒక్కసారి గుర్తుచేసుకోండి. కలెక్టరుగారి ముందు తలపాగా, అడ్డపట్టీ వేసుకొని నడిచే డఫేదారు. ఆ పేరు గుర్రపు దళంలో ఒక హోదాది. ఆసుపత్రుల్లో జమేదారు. అది కంపెనీ సైన్యంలో దేశీయ అధికారి హోదా. ఆఫీసు జవాను అంటాం, సరిహద్దులో ఉన్నవాణ్ణీ జవానే అంటాం. పారసీలో జవాను అంటే పడుచువాడు. విచిత్రమేమంటే ఇంగ్లీషులో కాల్బలాన్ని ఇన్‌ఫెంట్రీ అంటారు. ఆ మాటకు కూడా మూలం పడుచువాడు, కుర్రవాడు అన్న అర్థమే. ఇంకా వెనక్కి వెళ్తే లాటినులో "ఇన్‌ఫాన్స్" అంటే మాట్లాడలేనివాడు, నోరు రాని పసివాడు. గుర్రం లేనివాడు, నడిచేవాడు, నోరు లేనివాడు. ఎక్కడైనా కాల్బంటు సంగతి అంతే కాబోలు.

ఇక ప్యూను. ఇది పోర్చుగీసువారి "పెయావ్". 1498లో వాస్కో డ గామా వచ్చాక, 1510లో గోవా పట్టుకొన్నాక మనదేశంలో నాటుకొన్న మాటల్లో ఇదొకటి. వాళ్ళ భాషలో "పే" అంటే పాదం. పెయావ్ అంటే కాలినడకన వెళ్ళేవాడు, కాల్బంటు. చదరంగంలో బంటుకు కూడా వాళ్ళకదే పేరు. ఇంగ్లీషువారి "పాన్" అదే కుదురుది. సైన్యానికి ముందు నడిచి దారి చదును చేసేవాణ్ణి "పయనీర్" అన్నారు, అదీ అక్కడిదే. ఇప్పుడు ఎవరినైనా మెచ్చుకోవాలంటే ఆ రంగంలో పయనీర్ అంటాం. ప్యూను అంటే చిన్నబుచ్చుకొంటాం. రెండూ ఒకే పాదం నుంచి పుట్టిన మాటలు!

పారసీలో కాల్బంటు "పియాదా". సంస్కృతంలో "పదాతి". వినగానే మూడూ ఒక కుటుంబం అని తెలిసిపోతుంది. పోర్చుగల్లు నుంచి కాశీ దాకా పాదానికి ఒకే ధాతువు.

మన పురాణాల లెక్క ప్రకారం సేనలో అతిచిన్న భాగం పేరు "పత్తి". మన చేలో పత్తి కాదు. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, ఐదుగురు కాల్బంట్లు కలిస్తే ఒక పత్తి. పత్తి అంటే అసలర్థం కూడా నడిచేవాడనే. అలా పెంచుకుంటూ పోతే ఒక అక్షౌహిణిలో రథాలు 21,870, ఏనుగులు అన్నే, గుర్రాలు 65,610, కాల్బంట్లు 1,09,350. కురుక్షేత్రంలో పద్దెనిమిది అక్షౌహిణులు. రథాలెక్కినవారి పేర్లు మనకు కంఠతా వచ్చు. వారి శంఖాల పేర్లు కూడా వచ్చు. నడిచినవాడి పేరు ఒక్కటి చెప్పగలమా?

ఇక బంట్రోతు. బంటు మన ద్రావిడ భాషల్లో వీరుడు, సేవకుడు. కన్నడ, తుళు భాషల్లో "బంట" అంటారు. బంట్రోతుకు నిఘంటువులో "బంట్రౌతు" అని మరో రూపం ఉంది. బ్రౌను దొర రోజుల్లో దానికి మొదటి అర్థం సైనికుడు. రౌతు అంటే గుర్రపువాడు, "రాజపుత్ర" ప్రాకృతంలో అరిగి అరిగి రౌతయింది. అంటే బంట్రోతు పేరులో బంటుతోపాటు ఒక రాచబిడ్డ కూడా వినబడుతున్నాడన్నమాట.

తంజావూరు సీమలో మన త్యాగరాజస్వామి, హంసనాద రాగంలో రాముణ్ణి ఏమడిగారో మీకు తెలుసు. రాజ్యమడగలేదు, మంత్రి పదవి అడగలేదు. బంటు కొలువు అడిగారు. గగుర్పాటే కవచంగా, రామభక్తుడన్న పేరే ముద్రబిళ్ళగా, నామమే కత్తిగా ఉండాలని కోరారు. ఆ ముద్రబిళ్ళ ఏదనుకున్నారు? మన డవాలా బంట్రోతు అడ్డపట్టీకి ఉండే ఇత్తడి బిళ్ళ వంటిదే. హిందీలో ప్యూనును చప్రాసీ అనేది ఆ బిళ్ళ వల్లనే. చప్రాస్ అంటే బిళ్ళ. హనుమంతుణ్ణి రామబంటు అని చేతులు జోడిస్తాం. బిళ్ళబంట్రోతు అని మాత్రం తేలిక చేస్తాం.

మన తెలుగువారు కాల్బంట్లుగా ఎంత పేరుమోశారంటే, ఉత్తరాదిన సిపాయికే మన పేరు పెట్టారు. 1757లో క్లైవు కలకత్తాకు, ప్లాసీకి తీసుకెళ్ళిన బలగంలో మద్రాసు నుంచి ఓడల్లో వెళ్ళిన సిపాయిలున్నారు. అలా మొదట వచ్చినవారు తెలుగు సీమవారని కంపెనీ సిపాయిలను బెంగాలులోను, హిందుస్థానంలోను "తిలంగా" అన్నారు. నూరేళ్ళ తరువాత, 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిలు అవధు వైపువారు. అయినా ఆ నగరవాసులు వారిని "తిలంగే" అనే రాసుకున్నారు. మనిషి మారినా పేరు మిగిలింది.

మిత్రులారా, ఇంతవరకు పుస్తకాల్లో సంగతి చెప్పాను. ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఈ సంఘంలో ఉన్నా ఎవరికీ చెప్పలేదు.

మా నాన్న తాలూకాఫీసులో బంట్రోతు. తాలూకాలు 1985లో మండలాలైపోయాయి, పిల్లలకు తెలియకపోవచ్చు. నాన్న తాఖీదులు పట్టుకొని ఊళ్ళు తిరిగేవారు. సైకిలు లేదు. తెల్లవారుజామున గంజి తాగి బయల్దేరితే పొద్దుగూకాక వచ్చేవారు. అమ్మ ఆయన మడమల పగుళ్ళకు ఆముదం రాసేది. శిస్తు కిస్తీల రోజుల్లో వసూలు సొమ్ము బండిమీద వస్తుంటే బండి పక్కన కర్ర పట్టుకొని నడిచేవారు. రాత్రి ఖజానా గదిముందు పడుకొనేవారు. నిఘంటువులో సిబ్బంది అన్న మాటకు రాసిన అర్థం చదువుతుంటే మా నాన్న దినచర్య చదివినట్టే ఉంది.

1964లో నేను హైస్కూలు చివరి తరగతిలో ఉన్నాను. పరీక్ష ఫారంలో "తండ్రి వృత్తి" అన్న గడి ఉంది. నా పక్కవాడి తండ్రి డాక్టరు. వాడు చూస్తున్నాడు. నేను "వ్యవసాయం" అని రాశాను. మాకు సెంటు భూమి లేదు. మాస్టారు ఫారం చూసి, పాపం మంచి మనసుతోనే, "ఎన్నెకరాలురా?" అన్నారు. నోట మాట రాలేదు. ఆ ఫారం మీద సంతకానికి నాన్న బడికి వచ్చారు. తాఖీదు ఇవ్వడానికి పోతూ పోతూ వచ్చారు, అడ్డపట్టీ, బిళ్ళ ఒంటిమీదే ఉన్నాయి. మాస్టారు ఆయన్ని చూశారు, ఫారం చూశారు, నన్ను చూశారు. నాన్న కూడబలుక్కొని చదివారు. కలం తీసుకొని సంతకం పెట్టారు. "అలాగే ఉండనీండి బాబూ" అన్నారు మాస్టారితో. ఇంటికొచ్చాక నన్నేమీ అనలేదు. ఆ తరువాత కూడా ఎప్పుడూ అనలేదు.

నేను గుమాస్తానయ్యాను, సూపరింటెండెంటునయ్యాను. ఇంటికి స్నేహితులు వస్తే నాన్న పెరట్లోకి వెళ్ళి కూర్చునేవారు. నేను వెళ్ళమనలేదు. ఉండమనీ అనలేదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఆ ఇత్తడి బిళ్ళ దొరికింది. చింతపండుతో తోమి, గుడ్డలో చుట్టి దాచుకొన్నారు. ఈ రోజు జేబులో వేసుకొచ్చాను. సభ అయ్యాక ఎవరైనా చూడవచ్చు.

నాన్న ఉండగా ఈ నిఘంటువు తెరిచి ఉంటే బాగుండేది. అయితే ఒకటి చెప్పాలి. బంట్రోతు అంటే సైనికుడు కాబట్టి గౌరవించండి అని నేను అనడం లేదు. మాటకు మంచి పుట్టుక ఉందని తెలిశాకే మనిషిని గౌరవించేటట్టయితే అదీ తప్పే. మాట దానంతటది చిన్నదవలేదు, పెద్దదవలేదు. పలికేవాళ్ళం మనమే దాన్ని చిన్నది చేశాం. ప్యూను అంటే బాగాలేదని అటెండరన్నారు, తరువాత ఆఫీస్ సబార్డినేట్ అన్నారు. పేరు మార్చడం మంచిదే. కాని కుర్చీ చూపించకుండా పేరు మారిస్తే, పదేళ్ళకు కొత్తపేరూ పాతదైపోతుంది.

ఇంకొక్క మాట చెప్పి ముగిస్తాను. భటుడు అన్న మాట "భృత" నుంచి వచ్చింది. భృ అంటే మోయడం, భరించడం, పోషించడం. జీతమిచ్చి భరింపబడేవాడు భటుడు. భృతి అన్నదీ అక్కడిదే. మన భత్యం కూడా దాని నుంచే వచ్చిందని కొందరంటారు, ధాన్యం కొలిచి ఇచ్చే బత్తెం నుంచి అని కొందరంటారు. ఏదైనా ఒకటే సంగతి. పనిచేసినవాణ్ణి పని చేయించుకొన్నవాడు భరించాలి. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు రావలసిన హక్కు అని. ఆ తారీఖునే మనం ఏటా పింఛనుదారుల దినం జరుపుకొంటున్నాం. ఆ తీర్పులోని సారాంశం, పింఛనుదారులందరూ ఒకే తరగతి, తారీఖు గీత గీసి వారిని రెండుగా చీల్చకూడదనే కదా! ప్రభుత్వం మనల్ని చీల్చకూడదని కోర్టుకెక్కి గెలిచిన మనం, మన సంచికలో మనమే "అధికారులు మరియు సిబ్బంది" అని చీల్చుకోవచ్చునా?

నిఘంటువు ప్రకారం మూడు నెలల జీతానికి కర్ర పట్టుకొని నడిచినవాడు సిబ్బంది. వాడుక ప్రకారం కొలువులో ఉన్న ప్రతివాడూ సిబ్బందే. ఈ రెంటి ప్రకారం చూసినా, అధికారి వేరు, సిబ్బంది వేరు అన్న విభజన నిలవదు. కాబట్టి నా మనవి. ఈ ప్రత్యేక సంచికలో ఒకటే జాబితా ఉండాలి, అక్షరక్రమంలో. ముఖ్యంగా దివంగతుల జాబితాలో హోదాలు వద్దు. వారు వెళ్ళిన చోట క్యాడరు అడగరు. గ్రూపు ఫోటోలో ముందు వరుస కుర్చీలు వయసును బట్టి ఇవ్వాలి, హోదాను బట్టి కాదు. కార్యవర్గం ఒప్పుకోకపోతే జాబితా పని ఇంకెవరికైనా అప్పగించండి, నేను ఏమీ అనుకోను.

చివరిగా, ఆ అటెండరుగారు ఈ రోజు వచ్చారు. నేనూ, మా అబ్బాయీ వెళ్ళి ఆటోలో తీసుకొచ్చాం. చివరి వరుసలో గుమ్మం పక్కన కూర్చున్నారు. అయ్యా, మీరు దయచేసి ముందుకు రావాలి. నా కుర్చీ ఖాళీగానే ఉంది, నేను ఎలాగూ నిలబడే ఉన్నాను.

 

(సంపాదకవర్గం గమనిక: పై ప్రసంగంలోని మనవిని సమావేశం చర్చించి ఆమోదించినది. ఈ సంచికలో సభ్యుల జాబితా, దివంగతుల జాబితా అక్షరక్రమంలో, హోదాలు లేకుండా ఇస్తున్నాము. పొరపాట్లున్నచో సభ్యులు కార్యాలయానికి తెలుపగలరు.)